బార్జి గుమ్మానికి వేసిన వల

దొంతలపాలెం రేవులో మసేను అనే జాలరి ఉండేవాడు. పని తనదైనా, అందులో తప్పు మాత్రం ఎప్పుడూ గాలిదో నీటిదో పక్కవాడిదో అయ్యేది.

తెడ్డు విరిగితే కర్ర పుచ్చిందనేవాడు. వల ఖాళీగా వస్తే పొద్దున్నే ఎదురొచ్చినవాణ్ణి తిట్టుకునేవాడు. ఒకసారి పొయ్యి దగ్గర కూర్చుని, కబుర్లలో పడి, చేపల పులుసు మాడ్చేశాడు. మూత తీసి చూసి, "ఈ ఏడు చింతపండే బాగోలేదు" అన్నాడు. భార్య దేముడమ్మ గిన్నె తోముతూ, "ఆడలేక మద్దెల ఓడన్నాదట ఒకావిడ. నీకేటైనా చుట్టమేటి?" అని అడిగింది.

అలాగని మసేను చెడ్డవాడేం కాదు. కష్టపడేవాడు. పడిన చేపలో పక్కింటికి పంచనిదే వండుకునేవాడు కాదు. ఒక్కగానొక్క కూతురు హైమావతి అంటే ప్రాణం పెట్టేవాడు. కానీ "ఇది నా తప్పు" అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఆ మాట ఆయన గొంతులో ముల్లులా అడ్డం పడేది.

ఆ ఊరికి ఎదురుగా, కాసేపు తెడ్డు వేస్తే చేరేంత దూరంలో, సరుకులు మోసే ఒక పాత ఇనుప బార్జి మునిగి ఉంది. ఎప్పుడో పెద్ద తుపానులో కొట్టుకొచ్చి అక్కడ కూలబడింది. లోతు నాలుగు నిలువులకు మించదు. నీరు తేటగా ఉన్న రోజు పడవ మీంచి వంగి చూస్తే దాని వీపు కనిపించేది. తర్వాత ఊరివాళ్ళే రెండు పాత మరపడవలను తెచ్చి, ఇంజన్లు విప్పేసి, నూనె మరకలు లేకుండా కడిగి, రాళ్ళు నింపి, బార్జి పక్కనే ముంచారు. "సేపకి గూడు కడితే మనకి కూడు పెడతాది" అన్నాడు ఊరిపెద్ద అప్పన్న. బంగారంలాంటి కొయ్యను సముద్రం పాలు చేస్తున్నారని చాలామంది నవ్వారు. మసేను అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఏళ్ళు గడిచాయి. ఇనుముకూ కొయ్యకూ గుల్లలు పట్టాయి. గుల్లల మీద ఎర్రని, పసుపుపచ్చని మెత్తటి పగడాలు పూశాయి. వాటి సందుల్లోకి చిన్న చేపలు వచ్చాయి. చిన్నవాటి వెనక పెద్దవి రాక మానవు కదా! చుట్టుపక్కల గేలం వేసినవాళ్ళకు ఎన్నడూ పడనంత చేప పడసాగింది. నవ్విన నాపచేనే పండింది. మసేను, "ఆ వేళే నాను సెప్పాను గదా" అన్నాడు.

ఊరివాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. మునిగిన పడవల చుట్టూ నాలుగు నీలం డబ్బాలు తేలుతూ ఉండేవి. వాటి బయట ఎవరైనా గేలం వేసుకోవచ్చు. లోపల మాత్రం వల వేయకూడదు. ఇనుముకు తగులుకున్న వల పైకి రాదు. అక్కడే వేలాడుతూ, చేపను పట్టి చంపుతూనే ఉంటుంది. "తినీవోడు లేని వేట అది. దానికంటే పాపం లేదు" అనేవాడు అప్పన్న.

హైమావతి విశాఖపట్నం వెళ్ళి నీళ్ళలో దిగే విద్య నేర్చుకుని వచ్చింది. కళ్ళకూ ముక్కుకూ కలిపి ఒక అద్దం, నోట్లో గాలిగొట్టం, కాళ్ళకు రబ్బరు రెక్కలు. మొదటిరోజు ఆ రెక్కలతో ఇసుకలో నడుస్తుంటే ఊళ్ళో ముసలమ్మలు బాతు వచ్చిందని నవ్వారు. నీళ్ళలో ఆమెను చూశాక ఎవరూ నవ్వలేదు. చుట్టాలుగా వచ్చినవాళ్ళను, ఊరు చూడ వచ్చినవాళ్ళను పడవ మీద తీసుకెళ్ళి, నీటి పైన తేలుతూ కింద ఉన్న బార్జిని చూసేలా చేసేది. వాళ్ళను దింపే ముందు తాను ఒకసారి కిందికి వెళ్ళి అంతా సవ్యంగా ఉందో లేదో చూసి వచ్చేది. ఆమె కిందికి వెళితే స్నేహితురాలు లచ్చిమి పైన తేలుతూ కనిపెట్టుకుని ఉండేది.

ఒకరోజు అన్నం దగ్గర హైమావతి సంబరంగా చెప్పింది. "నాన్నా, బార్జి పక్కన పెద్ద కంత ఉన్నాది చూడు, గుమ్మంలాటిది. పొద్దున్నే అందులోంచి లోపలికెళ్తే రెండేపులా బొంతచేపలు నిలబడుంటాయి. పెళ్ళికొచ్చినోళ్ళని ఎదురెళ్ళి తీసుకెళ్ళినట్టు నా పక్కనే వొస్తాయి."

"ఎంతెంతుంటాయే?" అని అడిగాడు మసేను.

హైమావతి రెండు చేతులూ చాపి చూపింది. మసేను ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. కూతురికి కనిపించింది చేపల అందం. తండ్రికి కనిపించింది చేపల బరువు.

ఊరి దేవత పోలమ్మ పండగ వచ్చింది. ఆ రోజు దొంతలపాలెంలో ఎవరూ వేటకు పోరు. పడవలన్నీ ఒడ్డునే పసుపు పూసుకుని ఉంటాయి. ఊరంతా గుడి దగ్గర ఉంటే సముద్రాన్ని చూసేవాళ్ళెవరు? తెల్లవారీ తెల్లవారకముందే మసేను ఒంటరిగా తెప్ప తోసుకుని బయల్దేరాడు. నీలం డబ్బాలు దాటి లోపలికి వెళ్ళాడు. కూతురు చెప్పిన గుమ్మానికి అడ్డంగా నైలాను వల దించాడు.

అనుకున్నట్టే వల బరువెక్కింది. మసేను ఉత్సాహంగా లాగాడు. కొంత వచ్చి ఆగింది. ఇంకొంచెం బలంగా లాగాడు. వల రాలేదు కానీ తెప్ప ఒరిగింది. బార్జి ఇనుప పక్కటెముకలు వలను పట్టుకున్నాయి. అటు లాగాడు, ఇటు లాగాడు, అరచేతులు కోసుకుపోయాయి. ఒడ్డున డప్పుల మోత మొదలైంది. ఎవరైనా చూస్తారేమోనని భయం వేసింది. కత్తి తీసి, చేతికి అందిన మేర కోసేసి, మిగతాది అక్కడే వదిలేసి వచ్చేశాడు.

మర్నాడు దేముడమ్మ సగం వల చూసి, "ఇదేటిలాగయ్యింది?" అని అడిగింది.

నిజం చెప్పడానికి అదే మంచి సమయం. ఆ రోజే నలుగురూ వెళ్ళి విప్పి ఉంటే గంటలో పని అయిపోయేది. కానీ మసేను నాలుక అలవాటైన దారిలోనే నడిచింది.

"డబ్బాల బయట ముందురోజే ఏసి ఒగ్గీసినాను. పండక్కొస్తూ మీ తమ్ముడు ఎల్లాజీ పడవ అటేపే తెచ్చినాడు గదా. ఆ పడవ పంకాలో పడి తెగిపోనాది" అన్నాడు.

ఎల్లాజీ పక్క ఊరు ముత్యాలపేటలో ఉండేవాడు. పండగకు అక్కగారింటికి వచ్చి, ఇంకా చేతి గోళ్ళ పసుపు పోకముందే ఈ నింద మీద పడింది. "బావా, నాను డబ్బాల దగ్గరికే రాలేదు. ఒడ్డెంబడే వొచ్చినాను. తల్లి తోడు" అన్నాడు. ఊరివాళ్ళు ఆయన్ను అనుమానంగా చూశారు. అక్క కళ్ళు తుడుచుకుంది. ఎల్లాజీ పెట్టిన అన్నం ముందునుంచి లేచి, పడవ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ముత్యాలపేట పడవలు దొంతలపాలెం రేవులో ఆగడం మానేశాయి.

ఇంతలో వాయుగుండం పట్టింది. వారం పైగా వాన, హోరుగాలి. సముద్రం బురద రంగుకు తిరిగింది. నీళ్ళలో దిగేవాళ్ళు లేరు. కింద ఏముందో చూసినవాళ్ళూ లేరు. మసేను మొదట్లో నిద్రపట్టక దొర్లాడు. తర్వాత, "ఈ అలలకి ఆ వల ఎప్పుడో కొట్టుకుపోయుంటాది" అని తనకు తానే చెప్పుకున్నాడు. తనకు తాను చెప్పుకునే అబద్ధాన్ని తప్పు పట్టేవాళ్ళు ఎవరుంటారు? అది హాయిగా ఉంది. మళ్ళీ నిద్ర పట్టింది.

ఒకరోజు పొద్దున్న లేచేసరికి సముద్రం తేటపడి ఉంది. హైమావతి రబ్బరు రెక్కలు చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. కొందరు మనుషులు బార్జిని చూడడానికి వచ్చారని, తీసుకెళ్తున్నానని చెప్పింది. "ఇన్నాళ్ళయ్యింది. నా బొంతలు నన్ను మరిసిపోయుంటాయి. ముందు లోపలికెళ్ళి పలకరించొస్తాను" అంది.

మసేనుకు కోసి వదిలేసిన వల గుర్తొచ్చింది. ఆ వల అక్కడే ఉంటే? సరిగ్గా ఆ గుమ్మానికే కదా దించాడు! పచ్చటి నీళ్ళలో సన్నటి నైలాను దారం కంటికి ఆనదు. ఊపిరి బిగబట్టి వెళ్ళిన పిల్ల రెక్కలకు చుట్టుకుంటే విప్పుకునేలోపే...

"ఈవేళొద్దే హైమా" అన్నాడు.

"ఏటి నాన్నా?"

"నీరు బాగోలేదు. అడుగున లాగుడున్నాది."

హైమావతి సముద్రంకేసి చూసింది. పళ్ళెంలో పోసిన నూనెలా ఉంది. తండ్రికేసి చూసి నవ్వింది. "నువ్వు ఏనాడు నీరు బాగుందన్నావు? పులుసు మాడితే చింతపండు, తెడ్డు విరిగితే కర్ర, ఈవేళ నీరు" అని వెళ్ళిపోయింది.

మసేను గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. పడవ కదిలిన చప్పుడు వినిపించింది. పాత వల ఒళ్ళో వేసుకుని బాగుచేయబోయాడు. దారం ముడి పడలేదు. కళ్ళ ముందు ఆ కంతే కనిపిస్తోంది. దాని లోపలికి దూరుతున్న కూతురి పాదాలే కనిపిస్తున్నాయి. వల విసిరికొట్టి రేవుకు పరుగెత్తాడు. తెప్పను ఎలా తోశాడో, తెడ్డు ఎలా వేశాడో ఆయనకే తెలియదు.

వచ్చినవాళ్ళు పడవలో కూర్చుని కళ్ళకు అద్దాలు సర్దుకుంటున్నారు. పడవ చుక్కాని దగ్గర ఊరిపెద్ద అప్పన్న ఉన్నాడు. లచ్చిమి నీళ్ళలో తేలుతోంది. ఆమె పక్కన హైమావతి తల వంచి, గొట్టంతో గాలి పీలుస్తూ, కిందికి చూస్తోంది. ఇక మునగడమే తరువాయి. మసేను తెప్ప మీంచి దూకేశాడు. నాలుగు బారల్లో ఈది వెళ్ళి కూతురి కాలు పట్టుకున్నాడు.

హైమావతి ఉలిక్కిపడి తల పైకెత్తింది. గొట్టం ఉమ్మేసింది. "ఏటి నాన్నా ఇది! అందరి ముందూ!"

"దిగకే. లోపలికెళ్ళకు."

"ఎందుకెళ్ళకూడదు?"

"అడుగున లాగుడు..." అన్నాడు మసేను రొప్పుతూ.

"మళ్ళీ నీరేనా!" అంది హైమావతి విసుగ్గా. కాలు విడిపించుకుంది. అద్దం మళ్ళీ కళ్ళ మీదికి లాక్కుంది.

పడవలో అందరూ చూస్తున్నారు. కట్టుబాటు పెట్టిన అప్పన్న చూస్తున్నాడు. మసేనుకు తెలుసు, గాలి మీద పెట్టినా నీటి మీద పెట్టినా ఈ పిల్ల ఆగదు. ఆపగలిగిన మాట ఒక్కటే ఉంది. అది పుట్టి బుద్ధెరిగాక ఆయన ఎప్పుడూ అనని మాట.

"వల నాదే!" అని అరిచాడు. "గుమ్మానికి అడ్డంగా వలున్నాదే తల్లీ! నానే ఏసినాను. పండగనాడు దొంగతనంగా ఏసినాను. తగులుకుంటే కోసీసి పారొచ్చీసినాను. ఎల్లాజీ ఎరగడు, గాలెరగదు, నీరెరగదు. తప్పు నాదే, నాదే!"

మసేను నీళ్ళలోనే ఏడ్చాడు.

హైమావతి తండ్రి ముఖంలోకి చూసింది. ఆ ముఖం ఆమె ఎప్పుడూ చూడనిది. "లచ్చిమీ, నా మీదే కన్నేసుండు" అని చెప్పి, నిండా గాలి పీల్చి, గుమ్మానికి దూరంగా, పక్కనుంచి మునిగింది. కాసేపటికి పైకి వచ్చి పడవ అంచు పట్టుకుంది.

"ఉన్నాది" అంది. "పై నుంచి కిందికి పరదాలాగేలాడతన్నాది. దగ్గరికెళ్ళీదాకా కనబళ్ళేదు. ఎన్ని సేపలు సచ్చి ఏలాడతన్నాయో! రోజూలాగే వెళ్ళుంటే నానూ అందులోనే ఉండీదాన్ని, నాన్నా."

కోపంతో ఆమె ఇంకేమైనా అని ఉంటే మసేనుకు నయంగా ఉండేది. ఆమె మాత్రం పడవ ఎక్కి, తండ్రి చెయ్యి పట్టుకుని పడవలోకి లాగింది.

చూడవచ్చినవాళ్ళను క్షేమంగా ఒడ్డుకు చేర్చారు. సాయంత్రం రేవులో ఊరు కూడింది. "జరిగింది సెప్పు" అన్నాడు అప్పన్న.

మసేను లేచి చేతులు కట్టుకున్నాడు. "ఆ రోజు గాలి..." అని మొదలుపెట్టి, టక్కున ఆగిపోయాడు. తనమీద తనకే నవ్వూ ఏడుపూ వచ్చాయి. "గాలేటీ లేదు పెద్దయ్యా. ఆశ. అంతే" అన్నాడు. గుంపులో ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు. తర్వాత అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

అప్పన్న మసేను వైపు తిరిగాడు. "వల మనం తీసీవొచ్చు. సేపలు మళ్ళీ వొస్తాయి. కానీ నువ్వు ముత్యాలపేట మీద ఏసిన మాట ఉన్నాది చూడు, దాన్ని నువ్వే తీయాల. ఎల్లాజీ ఎదట, ఆళ్ళూరోళ్ళందరి ఎదట సెప్పిరా. ఆళ్ళొస్తే, ఆళ్ళతో కలిసి వల తీద్దాం. రాకపోతే నీ కూతురూ నువ్వూ తీసుకోండి" అన్నాడు.

మసేను మర్నాడు ఉదయమే ముత్యాలపేట ఒడ్డుకు నడిచి వెళ్ళాడు. అక్కడ పడవలు దించుతున్నవాళ్ళు ఆయన్ను చూసి ముఖాలు తిప్పుకున్నారు. ఎల్లాజీ తాడు చుడుతూ తలెత్తలేదు.

"ఎల్లాజీ, నీ పడవ నా వలని కోయలేదు. నానే కోసుకున్నాను. నీ మీద అబద్ధం సెప్పినాను. నువ్వు తినే అన్నం ముందునుంచి నిన్ను లేపీసినాను. తప్పయిపోనాది" అన్నాడు మసేను అందరికీ వినపడేలా.

ఎల్లాజీ తాడు చుట్టడం ఆపాడు. బావను ఎగాదిగా చూశాడు. "ఈ మాట అన్నాది నువ్వేనా బావా? మరోసారి సెప్పు. మా అక్క నమ్మదు" అన్నాడు.

మసేను మరోసారి చెప్పాడు. రెండోసారి చెప్పడం మొదటిసారి అంత కష్టంగా లేదు.

"నాకు కోపం తగ్గలేదు" అన్నాడు ఎల్లాజీ. "అయినా పిల్ల దిగీ చోట వల ఉండకూడదు. పద."

ముత్యాలపేట నుంచి పడవలు కదిలాయి. రెండు ఊళ్ళవాళ్ళూ నీలం డబ్బాల దగ్గర కలిశారు. ఎలా చేయాలో హైమావతి చెప్పింది. ఎవరూ ఒంటరిగా దిగకూడదు. వలకు ఎదురుగా వెళ్ళకూడదు. ఒకరు కత్తితో కోస్తుంటే ఇంకొకరు ఆ ముక్కను పక్కకు పట్టుకోవాలి. మసేనుకు జోడీ ఎవరని అడిగితే, ఎల్లాజీ ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి దిగడం, కొంచెం కోయడం, పైకి రావడం, మళ్ళీ దిగడం. ముక్కలు ముక్కలుగా వల పడవలోకి చేరింది. అందులో చచ్చిన చేపలను చూసి మసేను తల దించుకున్నాడు. బతికున్న పీతలను ఒక్కొక్కదాన్నే విడిపించి నీళ్ళలో వదిలాడు. అవి కృతజ్ఞత చూపలేదు సరికదా, వేలు పట్టుకుని గట్టిగా నొక్కాయి. "పీత..." అనబోయి, "నాను సరిగ్గా పట్టుకోలేదు" అన్నాడు. కోపం మరిచిపోయి ఎల్లాజీ పగలబడి నవ్వాడు.

చివరి ముక్క గుమ్మం పైభాగాన ఉంది. అది కోయడానికి హైమావతి తండ్రికి తన అద్దం ఇచ్చి, తాను వెనకే దిగింది. మసేను ఇనుప అంచు పట్టుకుని కత్తి ఆడించాడు. వల ఊడి మెల్లగా ఒరిగింది. గుమ్మం తెరుచుకుంది. అప్పుడు లోపలి చీకటిలోంచి ఒక పెద్ద బొంతచేప బయటికి వచ్చింది. ఇన్నాళ్ళూ వలకు చిక్కకుండా, బయటికి రాలేక, అక్కడే బందీగా ఉండిపోయింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత చిన్న చేపల గుంపు. అవి మసేను భుజాల మీదుగా, చేతుల కిందుగా వెలుగులోకి పోయాయి. ఎర్రటి పగడాలు నీటి కదలికకు ఊగుతున్నాయి. పుట్టినప్పటినుంచీ ఈ సముద్రం మీదే బతికాడు కానీ, దాని కడుపులో ఇంత అందం ఉందని మసేను కళ్ళారా చూడడం అదే మొదలు.

ఊపిరి చాలక పైకి వచ్చాడు. పక్కనే హైమావతి తేలింది.

"చూశావా నాన్నా?" అని అడిగింది.

"చూశానే" అన్నాడు మసేను. "ఇయి బతికున్నాయంటే ఈటి అదృష్టం. సచ్చినయి మాత్రం నా మూలానే సచ్చినాయి."

హైమావతి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ అలలమీద తేలుతూ పడవలవైపు ఈదారు. అక్కడ దేముడమ్మ పంపిన చద్దిమూట విప్పి, ఎల్లాజీ బావకోసం ఎదురుచూస్తున్నాడు.

ఒప్పుకోని తప్పు మునిగిపోదు. మనవాళ్ళు నడిచే దారిలోనే కనబడకుండా కాచుకుని ఉంటుంది. అందుకే తప్పు జరిగిన నాడే "ఇది నాది" అని ధైర్యంగా చెప్పాలి.